నలభై ఒకటో సెల్

కొమారోమ్‌లో, డాన్యూబ్ ఒడ్డున
నీటిచుక్క పడకూడని గది ఒకటుంది.
మా అమ్మమ్మ మిరపదండలు ఆరబెట్టినట్టు
అక్కడ గాలిని ఆరబెడతారు.
లోపలికెళ్ళిన పావుగంటకే పెదాలు పగులుతాయి.
చెమట కూడా చొరబాటుదారే.

ఆ గది అద్దానికి ఇవతల
మూడేళ్ళు నేను మాటలు మోశాను,
కొరియా వాళ్ళవి జర్మన్‌లోకి, జర్మన్లవి కొరియన్‌లోకి.
నా హంగేరియన్
కాఫీ మిషన్ దగ్గర తప్ప ఎవరికీ అక్కర్లేదు.

సెల్ వాళ్ళది, కారు వీళ్ళది.
ఒప్పందం మూడువందల పన్నెండు పేజీలు.
సంతకాల రోజు వంతెన అన్నారు, పెళ్ళి అన్నారు,
రెండు కుటుంబాలు అన్నారు.
ముక్కు మీద ఈగ వాలినా తోలుకోకుండా
అన్నీ అటూ ఇటూ చేరవేశాను.

మ్యోంగ్ ఒకసారి ఉత్త సెల్ ఒకటి విప్పి చూపించాడు:
ఇది ధనం, ఇది రుణం,
మధ్యన ఈ పొర, ఉల్లిపొర కన్నా పలచన.
"ఏమీ చేయకుండా ఉండటమే దీని పని.
ఇది చిరిగి ఆ రెండూ తాకాయా, మంటే."
లోర్చర్ ఆ పొరని వెలుతురుకి ఎత్తిపట్టి
దాన్లోంచి నన్ను చూసి నవ్వాడు.

తర్వాత నికెల్ ధర.
తర్వాత, లోర్చర్ పైవాళ్ళు ఇంకెక్కడో
ఇంకా చవగ్గా మాట కలిపారని పుకారు.
మ్యోంగ్ పై అధికారి ప్రతిదానికీ "పరిశీలిస్తాం" అనేవాడు.
మొదటి ఏడాది దాన్ని "పరిశీలిస్తాం" అనే చెప్పాను.
రెండో ఏడాది, కాస్త ఆగి చెప్పాను.
మూడో ఏడాది
నేను నోరు తెరవకముందే లోర్చర్ ఫైలు మూసేవాడు.

విడిపోయే కాగితంలో పద్దెనిమిదో నిబంధన:
నమూనా సెల్స్ చెరిసగం.
లెక్కపెడితే నలభై ఒకటి.

రెండు గంటలు వాదించారు లాయర్లు, తెర మీద.
ఇవ్వలేరు, వదల్లేరు,
నిండుగా ఉన్నదాన్ని కోస్తే ఆ గదే మిగలదు.
నలభై ఒకటి, నలభై ఒకటి అని రెండు భాషల్లో మోసి మోసి
నా నాలిక కాయ కాసింది.
చివరికి తేల్చారు: ఇద్దరి ఎదుటా ఖాళీ చేసి, తుక్కులోకి.

ఖాళీ చేసే మిషన్ ఉంది. గంటన్నర పని.
మ్యోంగ్ దాని స్విచ్ వేయలేదు.
లోర్చర్ తన డిక్కీలోంచి పాత ఇండికేటర్ బల్బు ఒకటి,
నారింజ రంగుది, పట్టుకొచ్చాడు.
రెండు తీగలు, చిన్న కన్వర్టర్,
పార్కింగ్‌లో బోర్లించిన ప్లాస్టిక్ పెట్టె.
సాయంత్రం ఏడింటికి వెలిగింది.
ఇండికేటర్ కదా, కొట్టుకోవాలి.
అది కొట్టుకోలేదు,
ఎటూ తిరగాల్సిన పనిలేని బండిలా కదలకుండా చూసింది.

లోర్చర్ నాలుగు వేళ్ళు చూపించాడు, నాలుగింటికి ఆరిపోతుందని.
మ్యోంగ్ తల అడ్డంగా ఊపి ఐదు చూపించాడు.
నేను ఊపిరి తీసుకున్నాను, అలవాటుగా.
అవసరం పడలేదు.

ఇసుక పడవలు రెండు వెళ్ళాయి నది మీద.
కావలి బార్నబాష్ ఫ్లాస్కుతో టీ తెచ్చి
"ఎవరు పోయారు?" అని అడిగాడు, మా భాషలో.
మూడేళ్ళలో మొదటిసారి
ఎవరి తరఫునా కాకుండా జవాబు చెప్పాలి.
తెలీదన్నాను.

నాలుగు దాటింది. మ్యోంగ్ తన కోటు లోర్చర్ మోకాళ్ళ మీద వేశాడు.
ఐదు దాటింది.
ఆరూ పదికి, ఉదయం షిఫ్టు బస్సు మలుపు తిరుగుతుండగా
చప్పున ఆరింది.
మినుకడం, ఎర్రబడటం ఏమీ లేదు.
మ్యోంగ్ గడియారం చూసి మెల్లగా అన్నాడు:
"మనం అనుకున్నదానికన్నా బాగా చేశాం."
అదొక్కటీ జర్మన్‌లో చెప్పాను.
లోర్చర్ తీగలు చుడుతున్నాడు,
చుట్టిన తీగనే విప్పి మళ్ళీ చుట్టాడు.

బిల్లులో పదకొండు గంటలు వేశాను.
అనువదించిన వాక్యాలు: ఒకటి.
రెండు కంపెనీలూ
చెరిసగం చెల్లించాయి.